సుక్రి వరుస

మార్త ఫోన్ చేసేసరికి నేను మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాను.

"పూతకొచ్చీసినాయప్పా. బేగి వొచ్చీయండి. రాలిపోనాయంటే మరి ఏది ఏటో నాను సెప్పలేను," అంది.

మార్త అరకు దగ్గర మా రూతత్త ఆర్కిడ్ నర్సరీని చూసుకునే మనిషి. నన్ను అప్పా అంటుంది, అంటే అక్కా అని. రూతత్త, అంటే మా నాన్నకు అక్క, కిందటి వానాకాలంలో పోయింది. ఆవిడ భర్త పాతికేళ్లు కష్టపడి సంకరం చేసిన ఆర్కిడ్లలో ఇప్పుడు మిగిలినవి పదకొండే. అలాంటివి ఇంకెక్కడా లేవు. ఒక పరిశోధన కేంద్రం వాళ్లు వచ్చి, వాటిని తీసుకెళ్లి పిలకలు పెంచి కాపాడతామన్నారట. కానీ ఏ మొక్క పేరేమిటో, దాని తల్లీ తండ్రీ ఏవో తెలిసినవాటినే తీసుకుంటారు. వివరం తెలియనివి వాళ్లకు పనికిరావు. మొక్కలకు కట్టిన పేర్ల బిళ్లలు కొన్ని ఎండకు వెలిసిపోయాయి, కొన్ని కోతులు పీకేశాయి, మిగతావి ఆ పెద్ద తుఫానుకి పందిరితో పాటే ఎగిరిపోయాయి. వివరాలున్నది ఒక్క రిజిస్టరులో. అది నా చేతిరాత. అందులో ఏ పువ్వు ఎలా ఉంటుందో రాసి ఉంది కనుక, పూసిన మొక్కను పక్కన పెట్టుకుని సరిచూడవచ్చు. అందుకని నేను వెళ్లాలి. వెళ్లాలని లేదు. మోకాళ్ల మీదికి నెట్టేయవచ్చు కూడా. అయినా రైలెక్కాను.

సొరంగాలన్నీ లెక్కపెట్టుకుంటూ ఎక్కిన రోజులుండేవి. ఇప్పుడు సొరంగం వచ్చిన ప్రతిసారీ పెట్టె అంతా ఈలలు, కేకలు, వెలిగే ఫోన్లు. కళ్లు మూసుకు కూర్చున్నాను. అరకు స్టేషన్ నుంచి ఆటోలో వెళ్తుంటే దారిపొడుగునా గుడారాల హోటళ్లు, బొంగు చికెన్ బోర్డులు, పువ్వుల మధ్య నిలబడి ఫొటోలు తీయించుకునే చోట్లు. అత్త ఇంటి మలుపు దాటిపోయి మళ్లీ వెనక్కి రావలసి వచ్చింది. గేటు తెరవగానే తడిసిన బొగ్గు, కుళ్లిన కొబ్బరి పీచు కలిసిన ఆ వాసన మాత్రం అలాగే ఉంది. ఆ వాసన తగలగానే నా వయసు పద్దెనిమిది.

పద్దెనిమిదేళ్లప్పుడు నేను ఇంటర్ తప్పాను. మా నాన్న గుమ్మలక్ష్మీపురంలో మిషన్ బడి మాస్టారు. ఊళ్లో అందరి పిల్లల్నీ పాస్ చేయించి కన్నకూతుర్ని చేయించలేకపోయానన్న సిగ్గుతో నన్ను అత్త దగ్గరికి పంపేశాడు. ఒక్క ఏడాదన్నారు, మూడేళ్లున్నాను. అప్పటికి మామయ్య పోయి రెండేళ్లయింది. ఆయన డొంకరాయి డ్యామ్ దగ్గర ఓవర్సీరుగా చేసి, తర్వాత కాఫీ తోటల పనిలోకి మారాడు. అడవిలో చెట్ల మీద పెరిగే బదనికల్ని తెచ్చి, ఈశాన్యం కొండల నుంచి స్నేహితులు పంపిన రకాలతో సంకరం చేయడం ఆయన పిచ్చి. డ్యామ్ నీళ్ల రంగు వచ్చిందని ఒకదానికి 'డొంకరాయి నీలం' అని పేరు పెట్టాడు. తెల్లగా, పొద్దున్నే మల్లెకన్నా పల్చని వాసన వేసేదాన్ని 'అనంతగిరి మంచు' అన్నాడు. ముదురు రంగు మచ్చలతో చూడగానే కోపంగా కనిపించేదానికి 'రూతు' అని భార్య పేరు పెట్టాడు. అత్త అది చెప్పినప్పుడల్లా నవ్వేది. ఆవిడ నవ్వడం నేను విన్నది ఆ ఒక్క విషయం మీదే.

అత్త మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆపరేషన్ గదిలో పనిచేసిన మనిషి కావడంతో ఇంట్లోనూ అదే చట్టం. తెల్లచీర, రొమ్ము మీద తలకిందులుగా పిన్ను పెట్టుకున్న గడియారం, గోళ్లు ఎప్పుడూ మొదలంటా కత్తిరించి ఉండేవి. పొద్దున్నే మంచులో కాళ్లు జిల్లుమంటుంటే మోకాళ్లూని ప్రార్థన. ఆవిడ ప్రార్థనలో రోగులు, బంధువులు, ఆ తర్వాత మొక్కలు వరసగా వచ్చేవి. శనివారం గింజలు నాటే రోజు. ఆర్కిడ్ గింజ ముక్కుపొడి కన్నా సన్నం. మట్టిలో మొలవదు. ఆసుపత్రిలో ఖాళీ అయిన సెలైన్ గాజు సీసాలు కడిగి, చైనా గ్రాస్, కొబ్బరినీళ్లు, పంచదార, మెదిపిన అరటిపండు కలిపి పోసి, దూదితో బిగించి ప్రెషర్ కుక్కర్లో ఉడికించేవాళ్లం. ఇల్లంతా పాయసం వాసన. తినడానికి మాత్రం రాగి అంబలి, పచ్చిమిరపకాయ. ఆ సీసాల్లో గింజలు చల్లాక పచ్చటి నలక కనపడడానికి నెలలు పట్టేది. పువ్వు పూయడానికి ఆరేడేళ్లు. "ఇది పూసేసరికి నీకు పెళ్లయి పిల్లలుంటారే ఎస్తేరూ," అనేది అత్త, సీసా వెలుగులో పెట్టి చూస్తూ. నాకు ఏడుపొచ్చేది. ఆ వయసులో ఏడేళ్లంటే మనిషి జీవితమంత.

పందిట్లో పనంతా సుక్రిది. పక్క కొండ మీది గూడెం నుంచి మంచు విడవక ముందే దిగి వచ్చేది, ఆరేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని. ఆ కూతురే మార్త. ఆ పేరు అత్త పెట్టిందే. సుక్రి నోట్లో ఎప్పుడూ అడ్డచుట్ట, నిప్పు కొస లోపలికి పెట్టుకుని. అత్తకు అది గిట్టేది కాదు గాని, సుక్రి చేతిలో చచ్చే మొక్క కూడా బతుకుతుందని ఊరుకునేది. మొక్కకు నీళ్లు కావాలో వద్దో వేరు కొస చూసి చెప్పడం నాకు నేర్పింది సుక్రే. "ఓలి గుంటా, ఆకు అబద్ధమాడుద్ది. ఏరు ఆడదు. కొస పచ్చగుంటే దాన్నొగ్గీ. తెల్లబడితే నీళ్లు పోయి," అనేది. మాట్లాడుతూనే పెద్ద మొక్క వేళ్లలో వేళ్లు పెట్టి, చిక్కు తీసే తల్లిలా, ఒక్క వేరూ విరగకుండా బుట్టలోంచి బయటికి లాగేది. నేను లాగితే పటపటమనేవి.

మొక్క బాగా పొడుగెదిగితే తల వైపు భాగాన్ని వేళ్లతో సహా కోసి వేరే బుట్టలో పెట్టాలి. వానలు మొదలయ్యాక ఆ పని. మా ఇద్దరికీ అత్త చెరొక వరుస అప్పగించింది. మొదటి వరుస నాది, రెండోది సుక్రిది. బావి పక్కన మూడో వరుసలో ముసలి మొక్కలు పదకొండు. వాటిని ఆ ఏడు ముట్టుకోవద్దంది. ఒక్కటే నిబంధన: ఒక మొక్క కోశాక, కత్తిని స్పిరిట్ దీపం మంటలో ఎర్రబడేదాకా కాల్చి, చల్లారనిచ్చి, అప్పుడు ఇంకో మొక్క. ఒకదాని రసం ఇంకోదానికి తగిలితే తెగులు పాకుతుంది. పాకితే మందు లేదు.

ఆ రోజు అత్త డ్యూటీలో ఉంది. సుక్రి తన వరుస ముందు రోజే ముగించి, కూతురికి జ్వరమని రాలేదు. నేను ఆరు మొక్కలు కోశాను. దీపంలో స్పిరిట్ అయిపోయింది. ఇంకో సీసా కావాలంటే ఆసుపత్రి దాకా వానలో నడవాలి, రానూ పోనూ గంటన్నర. వసారాలో ఆ వారం పత్రిక ఉంది, అందులో సీరియల్ వారమంతా ఎదురుచూసినది. కత్తిని గుడ్డతో తుడిచాను. ఇంకో మొక్క కోశాను. మళ్లీ తుడిచాను. అలా పదిహేడు. వాన తగ్గేలోగా పనీ అయింది, సీరియలూ చదివాను.

మరుసటి ఏడు నా వరుసలో ఆకుల మీద నల్లటి గుంటలు పడ్డాయి. తర్వాత వచ్చిన పువ్వుల్లో రంగు చెదిరింది, నీలం మీద ఎవరో గోటితో గీరినట్టు. అత్త ఒక్కొక్క మొక్క దగ్గరా ఆగుతూ వరుస చివరిదాకా వెళ్లి వచ్చింది. నన్ను వంటగదిలోకి పిలిచింది.

"ప్రతి కోతకీ కత్తి కాల్చేవా?"

"కాల్చేను."

"ఒక్కటీ వదల్లేదు?"

"లేదత్తా."

ఆవిడ నా మొహంలోకి చూస్తూ నిలబడింది. ఆ చూపు భరించలేక ఇంకొక ముక్క కలిపాను. అదీ నేను చేసిన పని. ఎవరూ అడగలేదు, నా అంతట నేనే అన్నాను. "నా వరుసలో కొన్ని సుక్రి కోసింది," అన్నాను.

వ్యవసాయ కళాశాల నుంచి మొక్కల తెగుళ్లు చూసే మాస్టారొకాయన వచ్చాడు. మంచివాడే. ఆకులు చూసి, ఇది కత్తితోనే పాకింది, వీటిని కాల్చేయడం తప్ప దారి లేదన్నాడు. వెళ్తూ వెళ్తూ సుక్రి నోట్లో చుట్ట చూశాడు. పొగాకు పట్టిన చేతులతో కూడా ఇలాంటివి అంటుకుంటాయి, ఆమె ముట్టినవన్నీ అనుమానించాలి అన్నాడు. ఆయనకు తెలిసింది ఆయన చెప్పాడు. కానీ నా మాటకు ఆయన మాట తోడయ్యేసరికి ఇంకెవరినీ ఏమీ అడగనక్కర్లేకపోయింది.

సుక్రి చుట్ట తీసి నేలకు నలిపేసింది. "నాను ఆ వరస ముట్టుకోనేదమ్మా. నాను కోసినవి నాకు తెలవవేటి? నా వరస సూడండి, ఒక్క మచ్చ ఉన్నాదేటో."

"ఇప్పుడు లేకపోతే వచ్చే ఏడు వస్తాయి," అంది అత్త.

"రావమ్మా. నాను కాల్సే కోసినాను."

అత్త నా వైపు తిరిగింది. ఒక్క మాట చాలు. సుక్రి కూడా నా వైపే చూసింది, కోపంగా కాదు, నేను గుర్తు తెచ్చుకుంటానేమో అన్నట్టు. నేను నేల చూశాను. "నా సొంత మేనకోడలు అబద్ధం చెబుతుందా సుక్రీ?" అంది అత్త, అరవకుండా.

రెండు వరుసలూ కాల్చాం. పచ్చి ఆర్కిడ్ బేగి అంటుకోదు, కిరసనాయిలు పోస్తే బుసబుసమని పొగ, వేళ్లు మెలికలు తిరుగుతాయి. సుక్రి వరుసలో 'అనంతగిరి మంచు' పూసి ఉంది. ఒక్క మచ్చ లేదు. సుక్రే దాన్ని పందిరి తీగ మీంచి దించి, బుట్టతో సహా తెచ్చి, మంటలో విసరకుండా వంగి మెల్లగా పెట్టింది. ఆ రకం అదొక్కటే. మళ్లీ రాలేదు. ఆ సాయంత్రం వసారాలో కూర్చుని అత్త చెబుతుంటే రిజిస్టరులో రాశాను. మొక్కల పేర్లు ఇంగ్లీషులో, మిగతా సంగతి తెలుగులో. నా దస్తూరీ ముచ్చటగా ఉంటుందని అత్త ఎప్పుడూ అనేది.

సుక్రిని పనిలోంచి తీసేయలేదు. కత్తి మాత్రం మళ్లీ ఇవ్వలేదు. నీళ్లు మోయడం, బొగ్గు కొట్టడం, గడ్డి పీకడం. చుట్ట మానేసింది. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే నేను టీచర్ ట్రైనింగుకని వెళ్లిపోయాను. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, రాసుకున్న పుస్తకాలు. వేసవి సెలవుల్లో వెళ్లేదాన్ని. వెళ్లిన ప్రతిసారీ ఈసారి చెబుతాననుకునేదాన్ని. అత్తకు చూపు మందగించాక చెబితే ఎందుకు బాధపెట్టడమనుకున్నాను. ఐదేళ్ల కిందట సుక్రి పోయిందని మార్త ఫోన్ చేస్తే పరీక్షల పేపర్లు దిద్దే పని ఉందన్నాను. అప్పటికి నేను రిటైరై రెండేళ్లు.

ఇక మొన్నటి సంగతి. మార్తకు ఇప్పుడు యాభై దాటింది. తల్లి చేతులే వచ్చాయి. మూడు రోజులు పందిట్లో ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చున్నాం. ఆమె ఒక్కో బుట్ట తెచ్చి బల్ల మీద పెడుతుంది. నేను పుస్తకంలో వెతికి చదువుతాను: రేకులు ఎన్ని వేళ్ల వెడల్పు, అంచు ముడత ఉందా, వాసన పొద్దునా సాయంత్రమా. మార్తకు మొక్కలన్నీ తెలుసు, పేర్లు తెలియవు. ఆమె వాటిని తన సొంత పేర్లతో పిలుస్తుంది. ఒకటి 'కోపిష్టిది', రెండేళ్లకోసారి గాని పూయదు. ఒకటి 'తేనెది'. ఒకటి 'ముసిల్ది'. నాకు పేర్లు తెలుసు, మొక్కలు గుర్తుపట్టలేను. 'ముసిల్ది' అనేదే డొంకరాయి నీలమని తేలింది. నీలం బాగా పల్చబడింది. రెండో రోజు సాయంత్రానికి ఏడు తేలాయి. నాలుగు మిగిలాయి. రెండు పూయనే లేదు, రెండింటికి పుస్తకంలో ఏదీ సరిపోలేదు.

"ఏదో ఒక పేరు రాసీయండప్పా," అంది మార్త. "పుస్తకంలో మిగిలిన పేర్లున్నాయి కదా. ఆళ్లకేటి తెలుస్తాది? పేరుంటే బతుకుతాయి."

నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది. నడుము లాగేస్తోంది. రేపు ఆలోచిద్దామన్నాను.

మూడో రోజు పొద్దున్న నేను వచ్చేసరికి మార్త రిజిస్టరు తిరగేస్తోంది. మిషన్ బళ్లో ఐదో తరగతి దాకా చదివింది, తెలుగు కూడబలుక్కుని చదవగలదు. ఒక పేజీ మీద వేలు పెట్టి, "ఇక్కడ మా అమ్మ పేరెందుకున్నాదప్పా?" అని అడిగింది.

ఆ పేజీ సంగతి నేను మరిచిపోలేదు. దాన్ని దాటించి తిప్పుతూ వచ్చాను రెండు రోజులుగా.

"చదువు," అన్నాను.

"రెండో వరస. సుక్రి కోసినవి. కత్తి కాల్చనందున తెగులు. మొత్తం కాల్చివేత." చదివి నా వైపు చూసింది. "ఇది నాకు తెలుసు. మా అమ్మే సెప్పీది."

"అది అబద్ధం మార్తా," అన్నాను. చెప్పాను. స్పిరిట్ అయిపోవడం, వాన, పత్రిక, పదిహేడు మొక్కలు, వంటగదిలో అన్న మాట. చెప్పడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఇన్నేళ్లు మోసింది ఇంతేనా అనిపించి, అలా అనిపించినందుకు ఇంకా సిగ్గేసింది.

మార్త చాలాసేపు ఆ అక్షరాల మీంచి వేలు తీయలేదు.

"అమ్మ సచ్చిపోయే ముందు కూడా పందిట్లోకి రావాలంటే సెయ్యి కడుక్కునీది," అంది. "సబ్బుతో ఒకపాలి, బూడిదితో ఒకపాలి. ఎందుకే అన్నిపాలులు అంటే, నా సేతిలో ఏదో ఉన్నాది గుంటా, నాకు తెలీకుండా ఒచ్చీసినాది, రూతమ్మ మొక్కలన్నీ నా వల్లే పోనాయి అన్నీది. మొదట్లో కాదన్నాదేమో. నాకు తెలిసేకాడికి అలాగే అన్నీది." ఆగింది. "అయితే ఏటీ నేదన్నమాట."

"ఏమీ లేదు."

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. "రాయండి," అంది. "ఇందులోనే. మా అమ్మ పేరు కొట్టీసి మీ పేరు రాయండి."

"ఇప్పుడు రాస్తే ఎవరు చదువుతారు మార్తా?"

"నాను సదువుతాను."

కళ్లద్దాలు పెట్టుకుని కొట్టివేసి రాశాను. సుక్రి తన వరుసలో ప్రతి కోతకూ కత్తి కాల్చింది. మొదటి వరుసలో తెగులు ఎస్తేరు కత్తి కాల్చకపోవడం వల్ల వచ్చింది. రెండో వరుస ఆరోగ్యంగా ఉండగానే కాల్చాం. కింద సంతకం. ఆమె పైకి చదవమంది. చదివాను. పుస్తకం తన వైపు తిప్పుకుని, అక్షరం అక్షరం తనూ చదువుకుంది. తర్వాత లేచి, "ఆ నాలుగింటికీ ఊరికే పేర్లెట్టొద్దప్పా," అని మోటారు కట్టేయడానికి వెళ్లింది.

ఆ పూట అన్నం పెట్టింది. చేపలపులుసు కూడా చేసింది. పక్కన కూర్చోలేదు. మర్నాడు ఆటో దాకా వచ్చి నా సంచి అందించింది, ముందులాగే అప్పా అని పిలిచింది. నేను ఆ పిలుపులో ఏదైనా మారిందేమోనని వెతుక్కుంటూ కొండ దిగాను. అప్పట్లో ఏడేళ్లు చాలా ఎక్కువనిపించేది. ఇప్పుడు నలభై అయిదేళ్లు వెనక్కి చూస్తే ఒక వారం పత్రికంత పల్చగా ఉన్నాయి. నన్ను క్షమించవలసిన ఇద్దరూ పోయారు. వాళ్ల పని మార్త నెత్తిన వేసుకోలేదు, వేసుకోనక్కర్లేదు కూడా. ఆ మూడేళ్ల గురించి నేను ఇదివరకు రాసినవాటిలో మంచుంది, అంబలి ఉంది, అత్త గడియారం ఉంది. సుక్రి చుట్ట వాసన కూడా ఉంది, తమాషాగా. ఇది లేదు.

మూడు వారాలాగి నేనే ఫోన్ చేశాను. బండి వచ్చిందట. పుస్తకం చూసి, పేర్లున్న ఏడింటినీ జాగ్రత్తగా తడి పీచు చుట్టి తీసుకెళ్లారట. పుస్తకంలో పేజీలన్నీ ఫొటోలు తీసుకున్నారట, ఆ పేజీ కూడా.

"మిగతా నాలుగూ?"

"తీసుకోనేదు."

"మరి వాటినేం చేస్తున్నావు?"

అవతల బకెట్టు కింద పెట్టిన చప్పుడైంది. "ఏటి సేత్తానప్పా? నీళ్లు పోత్తన్నాను," అంది మార్త.